విహారరచనలో రూక, రేవు: ద్వీపయాత్రా వ్యాసాలకు ఒక విమర్శ ప్రమాణం

ప్రస్తావన

తెలుగు యాత్రాసాహిత్యంలో ఇటీవలి దశాబ్దాల్లో విస్తారంగా వెలువడుతున్న ప్రక్రియ విహారవ్యాసం. తీర్థసేవ, విద్య, ఉద్యోగం వంటి ప్రయోజనమేదీ లేకుండా చూసి, తిని, సేదదీరి వచ్చిన అనుభవాన్ని చెప్పడం దీని లక్షణం. ఇందులో ద్వీపానికి ప్రత్యేక స్థానముంది. మధ్యధరా సముద్రంలోని మాల్టాకో, సిసిలీకో, శాంతోరినికో వెళ్లిన యాత్రికుడు ఉదయం ఓడ దిగుతాడు. తెల్లని ఇళ్ల మధ్య తిరుగుతాడు. మధ్యాహ్నం ఒడ్డున కూర్చుని ఆలివ్ నూనెలో వేగిన చేప తింటాడు. సూర్యాస్తమయం చూసి తిరుగు ఓడ ఎక్కుతాడు. ప్రవాసజీవనంతోపాటు తెలుగులోకి వచ్చి స్థిరపడిన ఈ కథననమూనా ఇప్పుడు స్వదేశానికీ వర్తిస్తున్నది. గద్వాల కోట, జూరాల ఆనకట్ట దగ్గర చేపల భోజనం, కృష్ణ నడుమ గుర్రంగడ్డ, సోమశిలలో పడవ షికారు కలిపి రాసే వ్యాసాలకు కూడా చట్రం అదే.

ఇటువంటి రచనలను విమర్శ సాధారణంగా 'ఆహ్లాదకరం', 'సమాచారాత్మకం' అనే రెండు మాటలతో సాగనంపుతుంది. ఈ రెండింటిలో ఏదీ ప్రమాణం కాదు. భోజనాన్నీ దృశ్యాన్నీ వర్ణించే రచనను మంచిచెడ్డలతో విడదీసి చూపగల కొలత మన సాహిత్యంలోనే ఉన్నదా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. ఉన్నదని, దానిని 'రూక', 'రేవు' అనే రెండు మాటల్లో చెప్పవచ్చునని ఇక్కడ ప్రతిపాదన. తిన్నదాని ఖరీదు ఎవరికి చేరింది, దాటించినవారు ఎవరు అన్న ఎరుక రచనలో ఉన్నదా లేదా అని చూడడమే ఆ కొలత. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను ఇందుకు పరీక్షాస్థలంగా తీసుకుంటున్నాను.

ఓరుగంటిలో ఒక పగలు

తీరికగా తిరుగుతూ, తింటూ ఒక పగటిని గడపడమే వస్తువుగా గల రచన తెలుగుకు కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం' సరిగ్గా అటువంటిదే. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత 'ప్రేమాభిరామం' దీనికి మూలమని, కర్తృత్వం శ్రీనాథునిదని వాదాలు ఉన్నాయని తెలిసినదే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లులో ఒక దినం సంచరిస్తారు. వీధులు, దేవతాస్థానాలు, జాతరలు, పోటీలు, వినోదాలు చూస్తారు. నడుమ పూటకూళ్ల ఇంటి భోజనం ప్రసక్తి వస్తుంది. అక్కడ కవి సన్నబియ్యపు అన్నం మొదలు గడ్డపెరుగు దాకా వంటకాలను చెప్పి ఊరుకోలేదు. ఆ పూటకూళ్ల ఇల్లు ఎవరిదో పేరు చెప్పాడు, భోజనం వెల ఒక రూక అని చెప్పాడు.

ఈ రూక చిన్న వివరం. కాని దానివల్ల ఆ పద్యంలోని విందు గాలిలో తేలకుండా నగరంలో నిలిచింది. బాటసారికి అన్నం అమ్మే ఇళ్లు ఉన్నాయని, దానికి నికరమైన ధర ఉన్నదని, గోధుమ, పంచదార, నెయ్యి ఆ ధరలో ఇమిడేవని దానివల్ల తెలుస్తున్నది. పైగా పద్యంలోని ఉల్లాసానికి ఈ వివరం అడ్డు రాలేదు. ఇంత భోజనం ఒక్క రూకకే దొరికిందన్న సంబరం వెల చెప్పినందువల్లనే పుట్టింది. రుచికీ యథార్థానికీ వైరముందన్న భావన మన పూర్వకవికి లేదన్నమాట.

క్రీడాభిరామం చూపు నిర్దుష్టమని దీని అర్థం కాదు. వేశ్యావాటికలను, కింది కులాల స్త్రీలను అది చూసే తీరులో విలాసపురుషుని అహం స్పష్టం. అయితే చూసేవాడు ఎవరో అది దాచదు. మంచనశర్మ ఎవరు, అతని తీరిక ఎటువంటిది అన్నవి పాఠకునికి మొదటినుంచీ తెలుసు. నేటి విహారవ్యాసంలో 'మేము' అని వినిపించే గొంతుకు తరచుగా ఈ పాటి ఆకృతి కూడా ఉండదు.

దొరికేవీ, దొరకనివీ

రెండవ ఆధారం ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్రచరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. గ్రంథం 1838లో అచ్చయింది. కర్నూలు సీమ నుంచి కృష్ణ దాటి వనపర్తి ప్రాంతం మీదుగా హైదరాబాదు చేరిన మార్గం అందులో ఉంది. అంటే నేటి మన పరిశీలనక్షేత్రం గుండా నడిచిన తొలి తెలుగు వచనయాత్రికుడు ఆయనే అనవచ్చు.

వీరాస్వామయ్య మజిలీ వర్ణనలో ఒక స్థిరమైన పద్ధతి కనిపిస్తుంది. ఊరు ఎంత దూరం, దారి ఎటువంటిది, దిగడానికి వసతి ఉన్నదా, నీళ్లు ఎట్లా ఉన్నాయి, అంగళ్లలో ఏమి దొరుకుతాయి, నది దాటవలసివస్తే ఏర్పాటు ఏమిటి అన్నవి వరుసగా వస్తాయి. తనతో నడిచిన పెద్ద పరివారాన్ని, మోసిన బోయీలను ఆయన మరువడు. ఆయన దృష్టిలో ఆహారం రుచికి ముందు సరఫరా. 'దొరుకును', 'దొరకదు' అనే రెండు క్రియల మధ్య ఒక ఊరి ఆర్థికస్థితి మొత్తం తెలుస్తుంది. దృశ్యవర్ణనలో ఆయన నేటి రచయితల కంటె పొదుపరి. అయినా 1830 నాటి వనపర్తి సీమను ఊహించుకోవడానికి ఆయన అంగడి వివరం పనికివచ్చినంతగా ఏ వర్ణనాత్మక వచనమూ పనికిరాదు.

మూడవ ఆధారం సంస్థానాల ఆతిథ్యం. తిరుపతి వేంకటకవుల 'నానారాజసందర్శనం' ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనం. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వారు వెళ్లడం, అవధానాలు చేయడం, సత్కారాలు పొందడం సాహిత్యచరిత్రకు ఎక్కినవే. ఇక్కడ భోజనం కొన్నది కాదు, పెట్టినది. పెట్టినవారెవరో చెప్పడం మర్యాదగానూ, పెట్టనివారెవరో చెప్పడం అధిక్షేపంగానూ పరిణమించాయి. 'విద్వద్గద్వాల' అన్న పేరు వెనుక ఉన్నది విద్యాదరణతోపాటు ఈ ఆతిథ్యవ్యవస్థ కూడా. దాని మూలధనం రైతు కట్టిన శిస్తు అన్నది ఆ పద్యాలు చెప్పని సంగతి. అయినా అన్నానికీ అన్నదాతకూ మధ్య సంబంధం వాటిలో తెగలేదు.

కొన్న భోజనం, దొరికిన భోజనం, పెట్టిన భోజనం అనే ఈ మూడు సందర్భాల్లోనూ తినేవానికీ తిండికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. నేటి ద్వీపవిహారవ్యాసంలో తప్పిపోతున్నది ఆ మనిషే.

1949: రెండు గ్రంథాలు

ఆహారవిహారాలను చరిత్రకు సాక్ష్యాలుగా నిలబెట్టిన తెలుగు గ్రంథం సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. అది 1949లో వెలువడింది. తెలుగులో తొలి కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే లభించింది. సురవరం స్వగ్రామం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవాడు కూడా. క్రీడాభిరామాన్ని కావ్యంగా మాత్రమే చూడక, ఆనాటి జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని అడగడానికి ఆయన వాడుకున్నాడు. రూకకు భోజనమన్న పద్యం ఆయన చేతిలో సాంఘికచరిత్ర అయింది.

అదే 1949లో ఫ్రెంచి చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రొదెల్ మధ్యధరా ప్రపంచం మీద తన మహాగ్రంథాన్ని ప్రచురించాడు. ఇద్దరికీ పరస్పరం తెలిసినట్లు భావించనక్కరలేదు. రాజుల కథను దాటి జనజీవనాన్ని చరిత్రగా చూడాలన్న తపన రెండుచోట్లా ఒకే కాలంలో ఫలించింది. బ్రొదెల్ గ్రంథంలో ద్వీపాల మీద ఉన్న భాగం మన చర్చకు అక్కరకు వస్తుంది. ఆయన దృష్టిలో మధ్యధరా ద్వీపం సమృద్ధికి నిలయం కాదు. అది ఒంటరి లోకం, తరచు ఆకలి అంచున నిలిచే లోకం. పైరు తక్కువ, ధాన్యం బయటినుంచి రావాలి. మాల్టా చాలాకాలం సిసిలీ గోధుమల మీద ఆధారపడింది. ఓడ ఆగితే రొట్టె ఆగుతుంది. బయటివారికి కావలసిన ఒక్క పంటకే నేలనంతా ఇచ్చి, తమ తిండికి పరాధీనమైన ద్వీపాలూ ఉన్నాయి.

ఈ వెలుగులో చూస్తే మధ్యధరా విహారవ్యాసంలోని తళ్లెం కొత్తగా కనిపిస్తుంది. శాంతోరినిలో యాత్రికుడు మురిసిపోయే కొండచరియ గుహగృహాలు చాలావరకు ఒకనాటి బీదల ఇళ్లు. 1956 భూకంపం తరువాత చాలామంది ఆ ద్వీపం వదిలి వెళ్లారు. విడిచిన ఇళ్లలో అనేకం తరువాత వసతిగృహాలైనాయి. ఈ సంగతి తెలిసి రాసిన వర్ణనకూ, తెలియక రాసిన వర్ణనకూ తేడా సమాచారపరిమాణంలో కాక వాక్యం బరువులోనే ఉంటుంది.

జూరాల తళ్లెం, గుర్రంగడ్డ రేవు

ఇదే చూపుతో కృష్ణాతీరానికి వద్దాం. ధరూరు మండలం రేవులపల్లి దగ్గర ఉన్న ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. 1990ల మధ్యనుంచి నీరు పారుతున్నది. సుమారు లక్ష ఎకరాల ఆయకట్టు, 234 మెగావాట్ల విద్యుత్కేంద్రం దీని ఫలితాలు. ఆనకట్ట పక్కన వెలసిన చేపల భోజనశాలలు దీని అనుకోని ఫలితం. వానాకాలం గేట్లు ఎత్తినప్పుడు దూరప్రాంతాలనుంచి వచ్చినవారు నీటిని చూసి, వేయించిన చేప, పులుసు తిని వెళ్తారు.

ఈ తళ్లెం ఆనకట్టకు ముందు లేదు. మెట్టసీమలో జొన్న ప్రధానాహారం. కాలువ నీటితో వరి పెరిగింది. జలాశయంతో చేప పెరిగింది. అందులో ప్రభుత్వం వదిలే చేపపిల్లలున్నాయి, వలవేసే బెస్త, ముదిరాజుల కష్టముంది, నీటికింద పోయిన పొలాల యజమానుల నష్టముంది. విహారవ్యాసం దీనినంతటినీ చెప్పాలనడం లేదు. కాని 'ఇక్కడి చేప రుచి ఇంకెక్కడా లేదు' అన్న వాక్యం ఏ నది ఒడ్డునైనా రాయగలిగినది. వల ఏ వేళ తీస్తారు, పట్టినవాడికి కిలోకు ఎంత వస్తుంది, వండినవాడు ఎంతకు అమ్ముతాడు అన్నవాటిలో ఒక్కటి చేరినా ఆ వాక్యం జూరాలది అవుతుంది.

గద్వాల మండలంలోని గుర్రంగడ్డ విషయంలో ఈ లోపం ఇంకా స్పష్టం. కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న ఈ ఊరిలో జనం కాపురముంటున్నారు, సేద్యం చేస్తున్నారు. వరద వచ్చి జూరాల గేట్లెత్తిన రోజుల్లో ఆ ఊరికి రాకపోకలు ఆగిపోవడం, వంతెన కోసం నిరీక్షణ ఏటా వినిపించే వార్తలు. అంటే యాత్రికునికి కన్నులపండువైన నీరే ఊరివాడికి కట్టడి. ఆనకట్ట మీద నిలబడి పొంగును ఫొటో తీసుకునేవాని సంతోషం, మందులకో బడికో గద్వాల చేరవలసినవాని దిగులు ఒకే నీటికి రెండు పక్కలు. మొదటిదాన్ని మాత్రమే చెప్పే రచనను అబద్ధమనలేము. అది సగం రచన.

ఇక్కడ భాష మనకొక సాక్ష్యమిస్తున్నది. గోదావరి డెల్టాలో నదీద్వీపాన్ని 'లంక' అంటారు. కృష్ణ ఎగువభాగంలో 'గడ్డ' అంటారు. గుర్రంగడ్డ వలెనే, పొరుగున రాయచూరు జిల్లాలోని కురువపురాన్ని కురుంగడ్డ అనడమూ ఉంది. నీటి నడుమ మెరక అన్న అర్థంతోపాటు పుట్టిన నేల అన్న అర్థం కూడా ఈ మాటకు ఉంది. పత్రికావ్యాసాల్లో దీని బదులు 'ఐలాండ్' అని రాయడం పరిపాటి అయింది. ఐలాండ్ అనగానే అది వెళ్లి రావలసిన చోటు అవుతుంది. గడ్డ అంటే ఉండే చోటు. మాట మారడంతో చూపు ఎవరిదో మారుతున్నది. ఎక్కినదాని పేరు పుట్టి అని గాని మరబోటు అని గాని రాయక 'బోటింగ్' అని రాయడం కూడా ఇటువంటిదే. బోటింగ్‌లో తెడ్డు వేసేవాడు ఉండడు.

సోమశిల: దృశ్యం కింద ఊరు

నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపూరు దగ్గరి సోమశిల నేడు ఈ ప్రాంతంలో ప్రధాన విహారస్థలం. కొండల మధ్య విస్తరించిన నీరు, అందులో తేలినట్లు కనిపించే గుట్టలు, ఒడ్డున సోమేశ్వరాలయం కలిసి మధ్యధరా దృశ్యాన్ని తలపిస్తాయని రాసేవారున్నారు. పోలికలో అందం ఉండవచ్చు. కాని ఆ నీరు శ్రీశైలం జలాశయపు వెనుకనీరు. దానికింద 1981 నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు పోయాయి. దాదాపు లక్షమంది తమ చోటు వదలవలసి వచ్చింది. ద్వీపాలుగా కనిపించే ఆ మెరకలు మునగకుండా మిగిలిన గుట్టలు.

ముంపునుంచి కాపాడిన గుళ్ల కథ తెలిసినదే. సోమశిల దేవాలయాలను మెరకకు తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి ఆలంపురంలో తిరిగి నిలిపారు. విహారవ్యాసాలు ఈ తరలింపును శిల్పవిశేషంగా మెచ్చుకుంటాయి. మెచ్చుకోవలసినదే. అదే ముంపులో కదిలిన కుటుంబాలకు ఉద్యోగాల కోసం 1986లో వచ్చిన 98వ నంబరు జీవో అమలు మాత్రం ఇంకా వినతిపత్రాల్లో ఉన్నది. రాయి ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో చెప్పగలిగిన రచయిత, ఆ గుడి చుట్టూ కాపురమున్నవారు ఎక్కడికి పోయారని అడగకపోవడం విమర్శ గుర్తించవలసిన మౌనం.

రేవు విషయమూ అంతే. సోమశిలకు ఎదుటి ఒడ్డు సిద్ధేశ్వరం. నది పల్చగా ఉన్నప్పుడు దాటిన జనానికి జలాశయం ఏర్పడ్డాక పడవ ఒక్కటే దిక్కయింది. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమంది దాకా చనిపోయారు. షికారుపడవ ఎక్కిన రచయితకు ఆ నీటిమీద ఒక అవసరపు పడవ కూడా నడిచిందన్న ఎరుక ఉంటే, అలల వర్ణన తగ్గదు. దానికి లోతు వస్తుంది.

ఒక ఆక్షేపణ

విహారవ్యాసం తేలికైన ప్రక్రియ. ముంపునూ మృత్యువునూ దాని నెత్తిన పెట్టడం భావ్యమా అని అడగవచ్చు. సెలవుదినాన కుటుంబంతో వెళ్లినవాడు ఆనందాన్ని రాయకూడదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రతి యాత్రావ్యాసమూ నివేదిక కావాలన్నది ఈ వ్యాసం కోరిక కాదు. అపరాధభావంతో రాసిన విహారం చదవడానికి మరీ దుర్భరం. అందులో తినేవాడికి రుచి ఉండదు, ఊరివాడికి ఉపకారమూ ఉండదు.

క్రీడాభిరామం చూపిన దారి వేరు. అక్కడ కవి ఓరుగంటి ఆర్థికవ్యవస్థను వివరించలేదు. ఒక ఇంటిపేరు, ఒక రూక చెప్పాడు. అంతే చాలింది. విహారవ్యాసం నుంచి అడగవలసినదీ అంతే. ఒక వెల, ఒక పేరు, ఒక రేవు, దాటించినవాడి ఒక మాట ఉంటే చాలు. ఇవి ఆనందాన్ని తగ్గించేవి కావు. అది ఎక్కడిదో చెప్పేవి. ప్రమాణం నైతికమైనట్లు కనిపించినా నిజానికి అది కళాప్రమాణమే. విశేషం లేని వర్ణన వచనంగా కూడా బలహీనం. జూరాల చేపకూ మాల్టా చేపకూ ఒకే విశేషణాలు సరిపోతున్నాయంటే రచయిత ఏదో ఒకచోట తినకుండానే రాశాడనుకోవలసి వస్తుంది.

రాయని యాత్రలు

ఈ ప్రాంతానికి సంబంధించి మరొక వైపు కూడా చెప్పక తప్పదు. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలు కాకముందు ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా, జనవ్యవహారంలో పాలమూరు. దేశమంతటా ప్రాజెక్టుల కట్టలమీద, నగరాల కట్టడాలమీద పనిచేసిన పాలమూరు కూలీల పేరు అందరికీ తెలుసు. గుంపుమేస్త్రీ వెంట పిల్లాపాపలతో ముంబయి బస్సెక్కి వెళ్లినవారు తెలుగువారిలో అత్యధికంగా ప్రయాణించినవారిలో ఒకరు. దూరం, దారి, తిండి, నీళ్లు, బస, కూలి వివరాలు వారి మాటల్లో వీరాస్వామయ్య వరుసలోనే వస్తాయి. అయినా యాత్రాసాహిత్య చరిత్రల్లో వారి ప్రయాణానికి చోటు లేదు. వలస అన్న శీర్షిక కింద కథాసాహిత్యంలోనో, సామాజికశాస్త్రంలోనో దానిని పెడుతున్నాము.

ఒకవైపు ఒక్క పగలు వచ్చి వెళ్లినవాడి అనుభవం యాత్రాసాహిత్యమవుతున్నది. మరొకవైపు ఆ నేలనుంచి ఏళ్లతరబడి వెళ్లి వచ్చినవాడి అనుభవం సాహిత్యవిభాగానికే రావడం లేదు. ఈ విభజన ప్రక్రియాలక్షణాల వల్ల ఏర్పడినది కాదు. ఎవరి తీరిక రాతకు అర్హం అన్న మన అలవాటు వల్ల ఏర్పడినది. విహారవ్యాసాన్ని తేలికగా వదిలేయడంలోని నష్టం ఇక్కడ బయటపడుతున్నది. ఆ వ్యాసాల ద్వారానే ఒక ప్రాంతం బయటివారికి తెలుస్తున్నది. వాటిలో ఊరివారు లేకపోతే, చదివినవారి మనసులో ఆ ప్రాంతం నిర్జనమవుతుంది.

ముగింపు

భోజనాన్నీ దృశ్యాన్నీ వర్ణించే రచనకు తెలుగులో సంప్రదాయం ఉంది. క్రీడాభిరామంలోని రూక, కాశీయాత్రచరిత్రలోని మజిలీ వివరం, సంస్థానకవుల ఆతిథ్యస్మరణ దాని మూడు ముఖాలు. సురవరం దానిని చరిత్రరచనగా మార్చగా, ఇటీవలి విహారవ్యాసం రుచిని ఉంచుకుని సంబంధాన్ని వదులుకున్నది. మధ్యధరా ద్వీపం గురించి రాసినా, కృష్ణలోని గడ్డ గురించి రాసినా రూక, రేవు అనే కొలతతో రచనను పరీక్షించవచ్చునని పై ఉదాహరణలు నిరూపిస్తున్నాయి.

పరిశోధకులకు దీనినుంచి రెండు పనులు ఏర్పడుతున్నాయి. పత్రికల అనుబంధాల్లో వచ్చిన విహారవ్యాసాలను ప్రాంతాలవారీగా సేకరించి, వాటిలో స్థానికులకు మాట ఎంత దక్కిందో పరిశీలించడం మొదటిది. గుర్రంగడ్డ, సోమశిల, మంచాలకట్ట రేవుల్లో పుట్టి నడిపినవారి, ముంపు ఊళ్ల పెద్దల, వలస వెళ్లి వచ్చిన కూలీల ప్రయాణకథనాలను మౌఖికయాత్రాసాహిత్యంగా నమోదు చేయడం రెండవది. ముంపుకు ముందు ఆ ఊళ్లలో పెద్దవారై ఉన్నవారు ఇప్పుడు అరవై దాటినవారు. రెండవ పనిని ముందు చేపట్టాలి.